చీమకాటు: విషమెక్కడ? విరుగుడేమిటి?

"చీమ కుట్టినట్లయినా లేదు" అని మనం నిత్యం అంటూ ఉంటాము. అనగా చీమకాటు అసలు బాధే కాదని మన అభిప్రాయం. నేనూ చాలాకాలం అదే అభిప్రాయంతో ఉండి, ఒకసారి పొరపడ్డాను. ఆ అనుభవమే ఈ వ్యాసానికి కారణం.

1998 వేసవిలో ఉద్దానం ప్రాంతం నుండి ఒక గృహిణిని నా వద్దకు తీసుకొనివచ్చారు. పెరటిలో కట్టెలు తీస్తుండగా చీమలు కుట్టినవట. పాదంపై నాలుగైదు దద్దుర్లు మాత్రమే కనిపించినవి. మంచిగంధం అరగదీసి పట్టు వేయించి, "కంగారు లేదమ్మా" అని పంపబోయాను. గడప దాటకముందే ఆమె పెదవులు వాచినవి, ఒళ్లంతా దద్దుర్లు లేచినవి, ఊపిరి అందలేదు. జీపులో ఆసుపత్రికి చేర్చగా, అక్కడి వైద్యులు ఎడ్రినలిన్ సూది ఇచ్చిన తరువాత ఆమె తేరుకున్నది.

ఆ రాత్రి సుశ్రుతసంహిత మరల తెరిచాను. కల్పస్థానంలోని 8వ అధ్యాయం ఆరు విధాల చీమలను పేర్కొంటుంది: స్థూలశీర్ష, సంవాహిక, బ్రాహ్మణిక, అంగులిక, కపిలిక, చిత్రవర్ణ. వీటి కాటువలన వాపు, నిప్పు తగిలినట్టి మంట కలుగునని చెబుతుంది. ఈ అధ్యాయాన్ని వల్లె వేయించిన మా గురువుగారు "ముందు ఏ చీమో అడుగు, తరువాత మందు తియ్యి" అనేవారు. ఆనాడు నేను అడగనేలేదు.

విషగ్రంథి నిర్మాణం

చీమకు ఆయుధాలు రెండు. తలవద్ద దవడలు, పొట్ట చివర విషగ్రంథి. రెండు సన్నని నాళికలు, మెలికలు తిరిగిన గ్రంథి, విషం నిలువ ఉండే సంచి, బయటికి వచ్చే మార్గం, ఇదీ దాని అమరిక. సంచి లోపలి గోడకు గట్టి పొర ఉన్నందున చీమకు తన విషం వలన హాని కలుగదు. ముల్లు అనేది గుడ్లు పెట్టే అవయవం నుండి రూపాంతరం చెందినది. కనుక కుట్టేవన్నీ ఆడచీమలే. మనం చూసే పనిచీమలన్నీ ఆడవే.

మన మామిడి, జీడితోటలలో ఆకులను కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలకు కుట్టే ముల్లు లేదు. అవి దవడలతో కరచి, పొట్ట వంచి, గాయంపై ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతాయి. ఈ వర్గంలోని కొన్ని జాతుల విషంలో సగానికి మించి ఈ ఆమ్లమే ఉంటుంది. పక్కనే ఉన్న డ్యూఫోర్ గ్రంథి నుండి వచ్చే నూనెవంటి ద్రవం దానిని చర్మంపై వ్యాపింపజేస్తుంది.

నేలపై పుట్టలు పెట్టే చిన్న నిప్పుచీమల తీరు వేరు. అవి దవడలతో పట్టుకొని, ముల్లును చర్మంలో దింపి విషం ఎక్కిస్తాయి. ఆ విషంలో అధికభాగం ఆల్కలాయిడ్లు, ప్రోటీనులు స్వల్పం. ఆ స్వల్పభాగమే కొందరి శరీరానికి సరిపడక ప్రాణం మీదికి తెస్తుంది.

సుశ్రుతుడు చీమను చికిత్సకు సైతం వినియోగించాడు. ఛిద్రమైన పేగు అంచులను నల్లచీమలచేత కరిపించి, తల మాత్రం నిలిపి శరీరాన్ని తొలగించమన్నాడు. దవడలు కుట్టువలె నిలిచినవి. విషగ్రంథి ఉన్న భాగం తొలగిపోయినది.

గృహచికిత్స

1. చీమలను దులిపి, ఆ చోటును సబ్బుతో, చన్నీటితో కడుగవలెను. తడిగుడ్డ గాని, గుడ్డలో చుట్టిన మంచు గాని పది నిమిషాలు ఉంచవలెను.

2. చర్మం చిట్లనిచోట మంచిగంధం పట్టు వేయవచ్చును. గోకరాదు, పొక్కులను చిదపరాదు.

3. సున్నం రాయరాదు. "ఆమ్లానికి సున్నం విరుగుడు" అనే తర్కం నిప్పుచీమ విషయంలో చెల్లదు. దాని విషం ఆమ్లం కాదు. ఎర్రచీమ విషయంలో నీరే చాలును. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, కంట పడితే చూపు పోవచ్చును.

4. గోమూత్రంతో కలిపిన నల్లపుట్టమన్ను లేపం గ్రంథంలో ఉన్నది. అయినను ధనుర్వాత భయం ఉన్నందున, గాయంపై మన్ను పెట్టమని నేను చెప్పను.

5. తోటలలో ఎర్రచీమ ద్రవం కంట పడితే, శుభ్రమైన నీటితో పావుగంట ధారగా కడిగి కంటివైద్యుని చూడవలెను. ఆముదం, చనుబాలు వేయరాదు.

ఆలస్యం చేయరాని లక్షణాలు

కుట్టినచోట కాక ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు లేక నాలుక వాపు, ఆయాసం, గొంతు బిగుసుకొనుట, కళ్లు తిరుగుట, వాంతులు. వీటిలో ఏది కనిపించినను ఏ లేపమూ, ఏ కషాయమూ వద్దు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ఈ స్థితికి మందు ఎడ్రినలిన్ సూది. ఈలోగా రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచవలెను, ఆయాసం ఉంటే కూర్చోబెట్టవలెను, నడిపించరాదు. ఒకసారి ఇట్లు జరిగినవారు మరల కుట్టించుకొనకుండా జాగ్రత్తపడి, వైద్యుని సలహా తీసుకొని ఉండవలెను.

ఆ గృహిణి నేటికీ క్షేమంగా ఉన్నది. చెప్పులు లేకుండా పెరటిలోకి వెళ్లదు. నేనును చీమ కుట్టిందని వచ్చినవారిని ఏ చీమో అడగకుండా, అరగంటసేపు కూర్చోబెట్టి చూడకుండా పంపను.