పంట కుంటలో జిలేబి చేప వదిలే ముందు ఒకసారి పెన్న వైపు చూడండి

పంట కుంటల వీడియో చూసినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కుంటలో ఐదారు నెలలు నీళ్లుంటాయి, ఏ చేపపిల్లలు వదిలితే మంచిది?" దాంతో పాటే ఇంకో మాట కూడా అంటారు: "జిలేబి పిల్లలు తక్కువ రేటుకే దొరుకుతున్నాయి, మేత కూడా పెద్దగా అక్కర్లేదంట, వదలమంటారా?"

వద్దండీ. ఎందుకు వద్దో చెప్పాలంటే కుంట గట్టు దిగి, మన ఏళ్ల దాకా పోవాలి.

పెన్న నంది కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర మన రాష్ట్రంలోకి వస్తుంది. అక్కడే జయమంగళి వచ్చి కలుస్తుంది. చిత్రావతి పుట్టపర్తి, బుక్కపట్నం మీదుగా ధర్మవరం పక్కనుంచి పోతుంది. పేరుకు నదులే గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే కనిపిస్తుంది. వాన గట్టిగా పడితే నాలుగు రోజులు పారతాయి, తర్వాత లోతైన మడుగుల్లో, చెరువుల్లో, కుంటల్లో మాత్రమే నీళ్లు మిగులుతాయి.

మన నాటు చేపలు ఈ కరువుకు అలవాటు పడినవే. కొర్రమట్ట, మార్పు, ఇంగిలాయి ఈ మూడూ నీళ్ల పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. నీళ్లు ఇంకిపోయినా బురదలో దాక్కుని కొన్నాళ్లు బతుకుతాయి. పక్కెలు, జెల్లలు ఎండాకాలమంతా మడుగుల్లో ఇరుకిరుకుగా గడిపి, మొదటి వరద రాగానే ఎదురెక్కి వంకల్లో, కసువు మొలిచిన మెట్ట నీళ్లలో గుడ్లు పెడతాయి. అంటే ఏటి చేపలకు విత్తనం దాచుకునే గాదె ఆ ఎండాకాలపు మడుగే. ఈ సంగతి గుర్తుంచుకోండి, మిగతా కథంతా ఇక్కడే తిరుగుతుంది.

జిలేబి అని మనం పిలిచే తిలాపియా ఆఫ్రికా చేప. మొజాంబిక్ రకం 1952లో మన దేశానికి వచ్చింది. పేదలకు చౌకగా మాంసకృత్తులు దొరుకుతాయని తెచ్చారు, ఉద్దేశం మంచిదే. కానీ ఏడేళ్లు తిరక్కుండానే, 1959లో, దీన్ని ఇక వ్యాప్తి చేయొద్దని మత్స్య పరిశోధన కమిటీ నిషేధం పెట్టింది. అప్పటికే చెరువుల్లో పడిపోయింది.

దీని బలం నోట్లో ఉంది. ఆడ చేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, పిల్లలకు ప్రమాదం వస్తే మళ్లీ నోట్లోకి తీసుకుంటుంది. రెండు మూడు నెలల వయసుకే గుడ్లకు వస్తుంది, ఏడాదిలో చాలాసార్లు పెడుతుంది. మన పక్కెలాగా వరద కోసం కాచుకుని ఉండదు, నిలవ నీళ్లు చాలు. మురుగు నీళ్లయినా సర్దుకుంటుంది. పాచి, బురదలోని కుళ్లు, పురుగులు తింటుంది, వేరే చేపల గుడ్లు దొరికితే వాటినీ వదలదు.

ఇప్పుడు ఏప్రిల్ నెల మడుగును ఊహించుకోండి. తిలాపియా అక్కడే గుడ్లు పెట్టి సంఖ్య పెంచుకుంటూ ఉంటుంది. పక్కెలు, జెల్లలు మాత్రం వరద వచ్చేదాకా ఆగాలి. ఉన్న కాస్త మేత పంచుకోవాలి, ఉన్న కాస్త ప్రాణవాయువు పంచుకోవాలి. జూన్ వానకు ఏరు పారే వేళకు ఎదురెక్కే నాటు చేప కొంచెమే మిగులుతుంది. ఒక్క ఏడాదిలో తేడా తెలియదు. పదేళ్లలో వల నిండా ఒకటే రకం వస్తుంది.

పోనీ ఆ రకమైనా డబ్బు తెస్తుందా అంటే, అదీ లేదు. ఇరుకు నీళ్లలో ఎక్కువైపోతే తిలాపియా గిడసబారిపోతుంది. అరచేతిలో సగం కూడా రాని సైజుకే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఇక పెరగదు. చెరువు మీద బతికే మత్స్యకార సంఘాలకు దెబ్బ ఇక్కడే తగులుతుంది. కొర్రమట్ట ప్రాణంతో ఉంటే అడిగిన రేటు ఇచ్చి తీసుకుపోతారు. గిడస జిలేబిని బుట్టల లెక్కన అమ్మినా వల ఖర్చు రావడం కష్టం.

రెండో చేప ఇంకా ప్రమాదం. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. చూడ్డానికి మన మార్పులాగే ఉంటుంది, మార్పు పేరు మీదే అమ్మేస్తారు. మన మార్పు అరకిలో దాటడం అరుదు, ఇది కిలోల లెక్కన పెరుగుతుంది. చేపలు, కప్పలు, ఏది దొరికితే అది మింగుతుంది. దేశంలో దీని పెంపకం నిషేధం. అయినా కోడి వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు, అధికారులు పట్టుకుని పూడ్చిపెట్టిన వార్తలు మన రాష్ట్రంలోనే ఎన్నో వచ్చాయి. మీ కుంటలోకి వస్తే అక్కడితో ఆగదు, తడి నేల మీద పాక్కుంటూ పక్క నీళ్లలోకి పోగలదు.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మన ఆసియా మార్పు జాతినే 1960లలో అమెరికాలో ఫ్లోరిడాకు తీసుకుపోతే, అది అక్కడ తప్పించుకుని కాలువల నిండా పాకి, ఇప్పుడు వాళ్లకు తలనొప్పి అయింది. ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జీవుల జాబితాలో దాని పేరు కూడా ఉంది. చేపలో దోషం లేదండీ, చోటు మారింది, అంతే.

బంగారు తీగ గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే చాలామంది మంచి ఆదాయం చూశారు. అదీ బయటి చేపే. నీలగిరికి 1939లో ఒక రకం, బ్యాంకాక్ నుంచి 1957లో ఇంకో రకం వచ్చాయి. అడుగు బురద తవ్వి తింటుంది, నీళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి, వెలుతురు దిగక నీటి మొక్కలు చస్తాయి. ఆ మొక్కలే చిన్న చేపలకు గుడ్లు పెట్టే చోటు. వెండి చేప సంగతి హిమాచల్‌లోని గోవింద్ సాగర్‌లో చూడొచ్చు. 1971 వరదల్లో ఒక చేపల ఫారం నుంచి తప్పించుకుని జలాశయంలో పడింది, తర్వాత బొచ్చె దిగుబడి పడిపోయింది.

వరద మాట వచ్చింది కాబట్టి, 2021 నవంబర్‌లో చిత్రావతి ఎలా వచ్చిందో మీకు తెలుసు. చెన్నేకొత్తపల్లి దగ్గర ఏట్లో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో తీయాల్సి వచ్చింది. అలాంటి రోజున కుంట గట్టు తెగితే, చెరువు మరవ పారితే, చేపలన్నీ ఏటి పాలే. మీ కుంట మీదే, కానీ అందులోని చేప వరద రోజున మీది కాదు.

దోమలకని వదిలే గంబూషియా కూడా ఇలాంటిదే. అమెరికా చేప, 1928లో మన దేశానికి వచ్చింది. దోమ పిల్లల్ని తింటుంది, నిజమే. కప్ప పిల్లల్నీ, చేప గుడ్లనూ కూడా తింటుంది. ప్రకృతి సాగు చేసేవాళ్లకు కప్ప అంటే కూలి అడగని పనివాడు. మన కుంటల్లోనే నెత్తి మీద తెల్ల చుక్కతో పైపైన తిరిగే చిన్న చేప ఉంది, పాంచాక్స్ అంటారు, అది దోమ పిల్లల్ని చక్కగా తింటుంది. దాన్ని పట్టి వదులుకోవచ్చు.

అన్నీ చేపల నెత్తినే వేయడం న్యాయం కాదు. ఇసక తోడేసి మడుగులు పోగొట్టింది మనుషులు. హిందూపురం, ధర్మవరం మురుగు కలిసేది మన నీళ్లలోనే. హంద్రీనీవాతో శ్రీశైలం నీళ్లు పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాయి, అది మన ప్రాంతానికి ప్రాణం, కాదనను. కానీ ఒక నది నీళ్లు ఇంకో నదిలోకి వస్తే ఆ నది చేపలు కూడా వస్తాయి. అందుకే మన చేతిలో ఉన్న కుంట దగ్గరైనా జాగ్రత్త పడాలి అంటున్నా.

మరి ఏం వదలాలి? ఆరు నెలల నీళ్లకు బొచ్చె, శీలావతి, కొంచెం పెద్ద పిల్లలు తెచ్చి వదలండి. ఇవి నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, అందువల్ల కుంటలో గుంపు పెరగదు. వేలెడు పిల్లలైతే ఆరు నెలలకు సైజు రావు. తెచ్చిన సంచిని తొట్టిలో పోసి, ఒక్కో పిల్లను చూసుకుని వదలండి. వేరే రకాలు కలిసి వస్తుంటాయి, వీడియోలో చూపించింది అదే.

ఇప్పటికే జిలేబి పడి ఉంటే కంగారు పడొద్దు. కొర్రమట్ట పిల్లల్ని కొన్ని వదలండి, జిలేబి పిల్లలు వాటికి మంచి మేత, గుంపు అదుపులోకి వస్తుంది. మరవ దగ్గర సన్న జాలీ కట్టండి. ఎండాకాలంలో కుంటను అడుగు పగుళ్లిచ్చేదాకా ఎండబెట్టండి, తడి గుంట ఒక్కటి మిగిలినా జిలేబి మిగులుతుంది. పట్టిన వాటిని వంకలో పారేయకండి. కూర వండుకోండి, లేదా బెల్లం కలిపి ఫిష్ అమైనో యాసిడ్ చేసుకోండి, పైరు మీద కొట్టడానికి పనికొస్తుంది.