మోటారు బండిలోని పసుపు దీపము, కంట్రోలు పెట్టె

విజయవాడ రహదారిని హైదరాబాదు నగరమునకు సరకు తెచ్చు రైతు సోదరులకు ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు క్రొత్తవి కావు. ఆ రెంటి నడుమ కొత్తపేటయందలి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారమునకు తరలిపోవు వఱకు బత్తాయి, మామిడి బండ్లు అచ్చటనే దిగుచుండెడివి. దారిలో బండి మొరాయించినచో ఆ చుట్టుపట్ల మెకానిక్కునే ఆశ్రయింపవలసి వచ్చును. అట్టి వేళ ధనము వ్యర్థము కాకుండుటకు బండిలోని క్రొత్త యేర్పాటు నెఱిగియుండుట అవసరము.

వెనుకటి డీజిలు ఇంజనులో గవర్నరు గుండ్లు తిరుగు వడిని బట్టి పంపు డీజిలును కొలిచి యిచ్చెడిది. లోపము చెవికే తెలియుచుండెను. భారత్ స్టేజి 6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన పిమ్మట, క్రొత్తగా వచ్చు సరకు బండ్లలో ఆ కొలత పని కంట్రోలు పెట్టెదే. 50 హార్సుపవరు మించిన ట్రాక్టర్లకు ట్రెం 4 నిబంధన 2023 జనవరి 1 నుండి వర్తించినది. చిన్న ట్రాక్టర్లలో పెక్కింటికి పాత పంపే.

ఇంజను వడి, వేడి, డీజిలు ఒత్తిడి సెన్సర్లు తెలుపగా, పెట్టె లెక్కించి ఇంజెక్టరును తెఱచును. బండిలోని వేర్వేరు పెట్టెలు సమాచారము చెప్పుకొనుటకు మెలివేసిన రెండు తీగలు చాలును. బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన ఈ పద్ధతికి క్యాన్ అని పేరు.

పసుపు దీపము వెలిగినంతనే “పెట్టె పోయినది” అనిన నమ్మరాదు. పెట్టె వెల స్వల్పము కాదు. మొదట స్కానరుతో కోడు చదివింపుడు. పి 0335 అని వచ్చినదనుకొందము. క్రాంకు సెన్సరు సర్క్యూటులో లోపమున్నదని మాత్రమే దాని యర్థము. సెన్సరు చెడినదో, తీగ తెగినదో, ప్లగ్గులో చిలుము పట్టినదో అది చెప్పదు. కొట్టములో నిలిపిన బండి తీగలను ఎలుకలు కొఱుకుట మనము చూచుచున్నదే కదా! తీగను, ఎర్తు బోల్టును మీటరుతో పరీక్షించిన పిదపనే సామాను కొనవలెను. బ్యాటరీ విప్పి క్యాన్ తీగల నడుమ కొలిచినచో సుమారు 60 ఓములు రావలెను. 120 వచ్చినచో తీగ యెచ్చటనో తెగియుండవచ్చును. ఇట్టి స్కానరొకటి సంఘము తరఫున కొని యుంచుకొనుట మా యభిప్రాయమున దండుగ కాదు.

బండికి వెల్డింగు చేయించునపుడు ముందుగా బ్యాటరీ తీగలు విప్పుడు. కడుగునపుడు వైరు ప్లగ్గులపై నీటిని బలముగ చిమ్మకుడు. పెద్ద లారీలకు 24 వోల్టులు. వానితో 12 వోల్టుల ట్రాక్టరును స్టార్టు చేయబోకుడు. మరమ్మతైన పిదప, తీసివేసిన పాత సామానును అడిగి పుచ్చుకొనుడు.