50 వేల సంతకాలు, 30 బాత్‌ల వైద్యం

జ్వరం తగ్గిందో లేదో అడగకముందే "సిస్టరమ్మా, బిల్లు ఎంతయింది?" అని అడిగే రోగులు ప్రతి వార్డులోనూ ఉంటారు. ముప్పై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను. థాయ్‌లాండ్‌లో సామాన్య ప్రజలు ఈ ప్రశ్నను పార్లమెంటు దాకా తీసుకువెళ్లారు. అది ఎలా జరిగిందో చెబుతాను.

50 వేల మంది ఓటర్లు సంతకాలు చేస్తే ప్రజలే ఒక చట్టాన్ని ప్రతిపాదించవచ్చని ఆ దేశపు 1997 రాజ్యాంగంలో ఉండేది. ఒకప్పుడు పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ సంగువాన్ నిత్యారంఫోంగ్ గారు ఆరోగ్యశాఖలో ఉంటూ, అందరికీ వైద్యం అందించడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కలు కట్టారు. లెక్కలు ఫైళ్లలోనే ఉండిపోతాయి గదా! అందుకే బయట ప్రజలు కదలవలసి వచ్చింది. సెనేటర్ జాన్ ఉంగ్‌ఫాకోర్న్ గారితో కలిసి స్త్రీల, రైతుల, హెచ్.ఐ.వి. ఉన్నవారి సంఘాలు సంతకాలు సేకరించాయి. ప్రతి సంతకానికీ గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. అయినా 50 వేలు దాటాయి.

2001 ఎన్నికల్లో థాయ్ రక్ థాయ్ పార్టీ 30 బాత్‌లకే వైద్యం అని మాట ఇచ్చి గెలిచింది. అప్పట్లో అది మన డబ్బులో సుమారు 30 రూపాయలు. 2002లో చట్టం వచ్చింది. అంతకుముందు ఏ ఆధారమూ లేని సుమారు 1 కోటి 80 లక్షల మందికి వైద్యం దొరికింది. ప్రజలు కోరినదంతా జరగలేదు. ప్రభుత్వ ఉద్యోగులకు, కంపెనీ కార్మికులకు వేరే పథకాలు అలాగే ఉండిపోయాయి. కాని పథకాన్ని నడిపే బోర్డులో ప్రజా సంఘాలకు 5 స్థానాలు దక్కాయి. నా దృష్టిలో 30 బాత్‌ల కంటే ఇదే పెద్ద సంగతి.

ఎందుకంటే మొదట్లో, మూత్రపిండాలు పూర్తిగా పాడైనవారికి చేసే డయాలసిస్ ఆ పథకంలో లేదు. ఖర్చు ఎక్కువని పక్కన పెట్టారు. డయాలసిస్ ఒకసారి చేయించి ఆపేది కాదు, బ్రతికినంత కాలం కావాలి. ఎంత ఆస్తి ఉన్నా కరిగిపోతుంది. కిడ్నీ రోగులు సంఘంగా ఏర్పడి అడిగారు, బోర్డులోని ప్రజా ప్రతినిధులు లోపల వాదించారు. చివరికి 2008లో డయాలసిస్ చేరింది.

చాలామందికి ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఇచ్చారు. పొట్టలో అమర్చిన గొట్టం ద్వారా ద్రవం ఎక్కించి, కొన్ని గంటల తరువాత తీసివేయాలి. చేతులు ఎలా కడుక్కోవాలో, బయటకు వచ్చిన ద్రవం మబ్బుగా ఉంటే వెంటనే ఆసుపత్రికి ఎందుకు రావాలో రోగికీ ఇంటివారికీ కూర్చోబెట్టి నేర్పేది నర్సులే.