పాత కంప్యూటరుతో గృహభాండారము

మన నగరమునకు పడమట మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతములలో కంప్యూటరు లేని కార్యాలయము కానరాదు. 1998 వ సంవత్సరము నవంబరు 22 వ తేదీని అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్సు భవనమును ప్రారంభించినది మొదలు ఆ రాతిగుట్టల నడుమ మేడలు బారులు తీరినవి. అచ్చటి యంత్రములు చెడిపోకయే, కొన్ని యేండ్లు గడచినంతనే, పాతవని తీసివేయబడుచుండును. అట్టివి సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి తావులయందు సెకండ్‌హ్యాండు వెలకు దొరకును. పైగా 2025 అక్టోబరు 14 వ తేదీతో మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోస్ 10 నకు సామాన్యముగ ఇచ్చుచుండిన సవరణలను నిలిపివేయుటచే, విండోస్ 11 ను మోయలేని యంత్రము లనేకము ఇండ్లలో మూలబడినవి. వీనిని పాతసామానువానికి తూకమునకు వేయకమునుపు ఒక మంచి పనికి వినియోగింపవచ్చునని మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపగోరుచున్నాము. ఆ పని యేదన, ఇంటివారందరి పటములను, పత్రములను, పాటలను ఒక్కచోట భద్రపరచు ఫైలు సర్వరును నెలకొల్పుట.

సర్వరు అనగా పరిచారకుడు. మన సంఘములలో ఈ మాట వినని బాలుడుండడు. ఇచ్చటను అదియే సరిపోవును. అడిగినవారెవరో కనుగొని, వారికి హక్కున్నదేమో చూచి, అడిగిన ఫైలును అందించుటయే దాని యుద్యోగము. ఒకసారి అమర్చిన పిదప దానికి తెరయు కీబోర్డును అక్కరలేదు. ఒక మూల నుండి రాత్రింబగళ్లు మేలుకొనియుండిన చాలును. క్లౌడు అను పేరు విని అది ఆకాశమునం దెచ్చటనో యున్నదని పిల్లలు తలంచుచుందురు. అది నేలమీదనే, పెద్ద పెద్ద శాలలలో, ఇట్టి పరిచారకులు వేలకొలదిగ నిలిచియుండుటయే గాని వేరు కాదు. అమెజాను కంపెనీవారు 2022 నవంబరులో హైదరాబాదు పేరుతోనే అట్టి కేంద్రమును తెరచిరి.

అంత పెద్ద కేంద్రములు మన చెంతనే యుండగా ఇంటిలో వేరొకటి యేల యని యడుగవచ్చును. గూగులువారు ఒక ఖాతాకు ఉచితముగ నిచ్చు చోటు 15 గిగాబైట్లు మాత్రమే; పటములను లెక్కలేకుండ దాచుకొను సదుపాయము 2021 జూను 1 వ తేదీతో ముగిసినది. ఆ మీదట నెలనెల రుసుము చెల్లింపవలెను. చెల్లించలేనివారి సంగతి యేమి? బిడ్డ బాప్తిస్మపు పటములు, అక్క వివాహపు వీడియో, కాలముచేసిన తాతగారి కంఠస్వరము, ఇవన్నియు ఒక్క ఫోనులో నిలిచియుండును. ఆ ఫోను బస్సులో పోయిననాడు వానిని తిరిగి కొనుటకు ఏ దుకాణమును లేదు. ఇంటి సర్వరైననో, ఇంటర్నెట్టు తెగిపోయిన దినమున సయితము ఇంటిలోపల పనిచేయుచునే యుండును.

ఇక యంత్రపు సంగతి. పదేండ్ల నాటిదైనను 64 బిట్ల ప్రాసెసరును, 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తియు నున్న చాలును. 32 బిట్ల యంత్రములను మాత్రము తలపెట్టవద్దు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 వానిపై క్రొత్తగా స్థాపించుకొనుటకు వీలులేదు. కార్యాలయమునుండి తెచ్చినదైనచో అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి యుండవలెను. లేనియెడల దానిని దొంగతనమనియే చెప్పవలెను. మెత్తని మాట మాకు దొరకలేదు. మూత విప్పి, దుమ్మును మెత్తని కుంచెతో ఆరుబయట దులుపుడు. మన యెండాకాలములో ఆ దుమ్మే యంత్రమునకు దుప్పటి యగును. అన్నియు పాతవైనను డిస్కును మాత్రము క్రొత్తది కొనుడు. పాత డిస్కు ఎప్పుడు ఆగునో అది చెప్పి ఆగదు.

విద్యుత్తు లెక్కను బాలురే వేయవచ్చును. బల్లమీది కంప్యూటరు 40 వాట్లు తీసికొన్నచో దినమునకు 0.96 యూనిట్లు, 30 దినములకు సుమారు 29 యూనిట్లు. 12 వాట్లు తీసికొను ల్యాప్‌టాపైనచో నెలకు 9 యూనిట్లు దాటదు. ల్యాప్‌టాపునకు సొంత బ్యాటరీ యుండుటచే కరెంటు పోయినను వెంటనే నిలిచిపోదు. అయితే ఎల్లప్పుడు చార్జింగులో నుండుటచే బ్యాటరీ ఉబ్బు నపాయము కలదు. అప్పుడప్పుడు అడుగుభాగమును చేతితో తడిమి చూడవలెను. బల్లమీది యంత్రమునకు చిన్న యూపీయస్సు తప్పదు. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైళ్లు చెడును.

సాఫ్ట్‌వేరునకు ఒక్క పైసయు నక్కరలేదు. 1991 లో ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్సు ప్రారంభించిన లినక్సును మూలముగ గొని, 1993 లో ఇయాన్ మర్డాకు డెబియనును మొదలుపెట్టెను. విండోసు యంత్రములు ఫైళ్ల కొరకు మాటలాడుకొను భాషకు యస్.యం.బి. యని పేరు. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ఆ భాషను లినక్సు వంటి వ్యవస్థలకు నేర్పు సాధనమును వ్రాసి, ఆ మూడక్షరములు వరుసగ వచ్చు మాట కొరకు నిఘంటువు వెదకి, సాంబా యని పేరుపెట్టెను. మన నగరమునందు స్వేచ్ఛ యను సంస్థవారు ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును విద్యార్థులకు పరిచయము చేయుచున్నారు. డెబియను పునాదిగ తెలుగు వాడుకకు తగిన వ్యవస్థనొకదానిని సిద్ధపరచిరి కూడ.

డెబియనును పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, దానితో యంత్రమును లేపవలెను. స్థాపన చేయునప్పుడు పాత డిస్కులోని దంతయు చెరిగిపోవును గనుక ముందే కావలసినది తీసిపెట్టుకొనుడు. డెస్క్‌టాపు కావలెనా యని యడిగినప్పుడు వద్దని చెప్పి, దూరమునుండి యేలుటకు ఎస్సెస్‌హెచ్ సర్వరును మాత్రము కోరుకొనుడు. యంత్రమును రౌటరునకు తీగతో కలిపి, దాని చిరునామా దినదినము మారకుండ రౌటరులో స్థిరపరచవలెను. వైఫై కన్న తీగయే మేలు. గిగాబిట్టు తీగమీద సెకనునకు సుమారు 110 మెగాబైట్లు పారును. పాత 100 మెగాబిట్ల ద్వారమున 11 మాత్రమే.

అటుపిమ్మట సాంబాను స్థాపించి, పంచుకొనవలసిన ఫోల్డరును దాని విధానపత్రములో వ్రాయవలెను. ఇచ్చట క్రొత్తవారు తరచుగ చిక్కుపడుదురు. ఏలయన, వాకిండ్లు రెండు. లినక్సు తన ఫోల్డరునకు ఎవరు రావచ్చునో ఒక లెక్క యుంచుకొనును; సాంబా వేరొక లెక్కను, వేరొక సంకేతపదముల పట్టికను ఉంచుకొనును. రెండును ఒప్పుకొన్నగాని ఫైలు కదలదు. కావున ఇంటిలోని ప్రతివారికి లినక్సులో ఒక పేరు కల్పించి, అదే పేరునకు సాంబాలో సంకేతపదము నీయవలెను. పటముల ఫోల్డరును అందరు చూడవచ్చును, తలిదండ్రులు మాత్రమే చెరపవచ్చును అని కట్టుబాటు చేసిన యెడల చిన్నవాండ్ర వ్రేళ్లవలన నష్టముండదు.

ఈ సర్వరును రౌటరునకు వెలుపల, లోకమంతటికి తెరచి యుంచరాదు. 2017 మే నెలలో వన్నాక్రై యను దుష్ట ప్రోగ్రాము అనేక దేశముల యంత్రములను పట్టుకొని ధనమడిగినది. అది విండోసులోని పాత యస్.యం.బి. లోపముగుండ, 445 అను ద్వారమునుండియే ప్రాకినది. రౌటరులో ఆ ద్వారమును వెలుపలికి తెరువుమని యెవరు సలహా చెప్పినను వినకుడు. సవరణలు వచ్చినప్పుడెల్ల స్థాపించుకొనుడు.

రెండు డిస్కులను జతపరచి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను పడునట్లు చేయు పద్ధతి కలదు. ఒక డిస్కు ఆగిపోయినను పని నిలువదు. కాని అది నకలు కాదు. ఒకదానిలో చెరిపినది రెండవదానిలోను ఆ క్షణముననే చెరిగిపోవును. అసలైన నకలు వేరొక డిస్కులో, వేరొక యింట నుండవలెను. 1908 సెప్టెంబరు 28 వ తేదీని మూసీ పొంగినప్పుడు ఈ నగరమున వేలకొలది ఇండ్లు పోయినవి. 2020 అక్టోబరులో కురిసిన వానలకు కాలనీలు మునిగి క్రింది అంతస్తులలోనికి నీరు వచ్చినది. అట్టి దినమున సర్వరును దాని నకలును ఒకే బల్లమీద నున్నచో రెండును ఒకేసారి తడియును.

నకలు తీయుటకు 1996 లో అదే ట్రిడ్జెల్ మరియొకనితో కలిసి వ్రాసిన ఆర్‌సింక్ అను సాధనము చాలును. అది మారిన భాగములను మాత్రమే పంపును గనుక మొదటిసారి తప్ప ఎక్కువ సేపు పట్టదు. వెలుపలి డిస్కుపై నెలకొకసారి తీసి, అమ్మమ్మగారి యింటనో పినతండ్రిగారి యింటనో ఉంచుడు. అన్యుల చేతికి చిక్కినను చదువరాకుండ దానికి గూఢలిపి వేయుట మంచిది. ఆరు నెలలకొకమారు దానిని తెప్పించి, అందులోని నాలుగు ఫైళ్లు తెరచి చూడవలెను. తాతగారి కంఠము వినబడినదా, పటము పూర్తిగ తెరుచుకొన్నదా యని పరీక్షించి, తేదీని డిస్కుమీద అంటించిన కాగితముపై వ్రాసి పంపుడు. అచ్చట దానిని నేలమీది పెట్టెలో గాక అలమార పై అరలో ఉంచుమని చెప్పుట మరువకుడు.