లైబ్రరీ ఫోన్‌లోకి వచ్చింది, మరి పేపర్ ఎందుకు ఓపెన్ కావట్లేదు?

ఇవాళ్టి టాపిక్ లైబ్రరీ. ఆగండి, స్కిప్ చేయకండి! ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నవాళ్లకి, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లకి ఇది జేబుకి సంబంధించిన విషయం.

మన మేడ్చల్, శామీర్‌పేట వైపు మ్యాప్ తెరిచి చూడండి. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ, అది 1998లో ఏర్పడింది. జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ క్యాంపస్. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ, అదే కోవాగ్జిన్ తయారైన చోటు. ఇటు కండ్లకోయ, మైసమ్మగూడ వైపు వరసగా ఇంజినీరింగ్ కాలేజీలు. వీళ్లందరికీ కావాల్సింది ఒకటే, రీసెర్చ్ పేపర్లు. రాత్రి పదింటికి హాస్టల్‌లో మీకు కావాల్సిన పేపర్ గూగుల్‌లో దొరుకుతుంది. నొక్కితే ముప్పై, నలభై డాలర్లు కట్టమంటుంది. ఒక్క పేపర్‌కి!

ఏసీ రీడింగ్ హాల్ కట్టి, పుస్తకాలకి ట్యాగులు అంటించి "లైబ్రరీ మోడర్న్ చేశాం" అనడం మామూలే. అవీ కావాలి, కాదనను. కానీ నా లెక్క వేరే. ఆ రాత్రి పదింటికి పేపర్ తెరుచుకుందా లేదా? అంతే.

ఎందుకు తెరుచుకోదో చెప్తా. లైబ్రరీ జర్నల్‌కి డబ్బు కడితే, పబ్లిషర్ మీ కాలేజీ ఇంటర్నెట్ అడ్రస్‌ని గుర్తుపెట్టుకుంటాడు. క్యాంపస్ వైఫైలో ఉంటే తెరుచుకుంటుంది. గేటు దాటి మొబైల్ డేటా ఆన్ చేశారా, మీరెవరో వాడికి తెలీదు. అందుకే రిమోట్ యాక్సెస్ అని ఒకటి ఉంది. కాలేజీ ఇచ్చిన ఐడీ, పాస్‌వర్డ్‌తో ఎక్కడినుంచైనా లాగిన్ కావచ్చు. ప్రభుత్వ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ చేసే పని ఇదే. కాలేజీ అందులో చేరి ఉన్నా, అడగక ఐడీ తీసుకోనివాళ్లు ఉంటారు.

ఇక పెద్ద వార్త. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఓకే చెప్పింది. మూడేళ్లకి 6,000 కోట్లు. 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300కి పైగా సంస్థలు. 2025 జనవరిలో మొదలైంది. ఉస్మానియా లాంటి ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థికి ఇది పండగే. కానీ మొదటి విడత ప్రభుత్వ సంస్థలకే! బిట్స్ లాంటి పెద్ద ప్రైవేటు సంస్థ సొంత డబ్బుతో జర్నల్స్ కొనుక్కోగలదు. మరి చిన్న ప్రైవేటు కాలేజీలో చదివే పిల్లల సంగతి? ఫీజు కట్టేది వాళ్లే, గేటు బయట నిలబడేదీ వాళ్లే. ఇది నాకు నచ్చలేదు.

అయితే చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉంది, అదే పేపర్‌కి చట్టబద్ధమైన ఫ్రీ కాపీ ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. లేదంటే పేపర్ రాసినాయనకే మర్యాదగా మెయిల్ పెట్టండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు. థీసిస్‌లకి శోధగంగ ఉంది, 5 లక్షలకు పైగా ఫ్రీగా. లా వాళ్లకైతే సుప్రీంకోర్టే 2023లో ఈ-ఎస్‌సీఆర్ తెరిచింది, తీర్పులు చదవడానికి రూపాయి కట్టక్కర్లేదు. మీ కాలేజీకి డెల్‌నెట్ సభ్యత్వం ఉంటే వేరే లైబ్రరీ నుంచి పుస్తకం కూడా తెప్పించుకోవచ్చు.

చిన్న కాలేజీ మేనేజ్‌మెంట్ వాళ్లు ఎవరైనా వింటుంటే ఒక మాట. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఫ్రీ. న్యూజిలాండ్‌లో ఒక చిన్న జిల్లా లైబ్రరీల కోసం పుట్టింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక అట. డబ్బుల్లేవు అనే సాకు ఇక్కడ చెల్లదు.

నిజంగా కొనలేనిది మాత్రం మనిషి. "మూడు రోజుల్లో పేపర్ పబ్లిష్ చేస్తాం, ఇంత కట్టండి" అని వాట్సాప్ మెసేజ్‌లు వస్తుంటాయి కదా? అది దొంగ జర్నలో కాదో ఎవరు చెప్తారు? ఇదివరకు యూజీసీ కేర్ లిస్టు చూసుకునేవాళ్లం. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు, ఆ బాధ్యత ఇప్పుడు సంస్థలదే. థీసిస్‌లో కాపీ పది శాతం దాటితే 2018 రూల్స్ ప్రకారం చర్యలు మొదలవుతాయి. ఇవన్నీ సబ్మిట్ చేయకముందే కూర్చోబెట్టి చెప్పే లైబ్రేరియన్ ఉండాలి. మీ కాలేజీలో ఉంటే రేపే వెళ్లి కలవండి, రిమోట్ ఐడీ అడగండి.

సై-హబ్ సంగతేంటి అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. దాని మీద ఢిల్లీ హైకోర్టులో 2020లో కేసు పడింది. ఆ కథ పెద్దది, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.