మహారాణి ఇంట తొమ్మిది మంది బిడ్డలు

విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రి పేరు వినని వారు కోస్తా జిల్లాల్లో అరుదు. ఆ పేరులోని ఐదవ జార్జి చక్రవర్తి విక్టోరియా మహారాణికి మనుమడు. జార్జి తండ్రి ఏడవ ఎడ్వర్డ్, చదువు ఒంటబట్టని పిల్లవాడని కన్నవారి చేతనే మాటలు పడుతూ పెరిగినవాడు. ఆ ఇంటి పిల్లల కథ తెలిస్తే రాజుల బిడ్డలు పూలపాన్పు మీద పెరుగుతారన్న భ్రమ కొంత తొలగుతుంది.

విక్టోరియా 1840 ఫిబ్రవరి 10న జర్మన్ రాకుమారుడు ఆల్బర్ట్‌ను పెళ్ళాడింది. అతడు ఆమెకు స్వయానా మేనమామ కొడుకు. మన మేనరికం వంటిదే ఆ సంబంధం. ఆ ఏడాది నవంబరులో పెద్దమ్మాయి విక్కీ పుట్టింది. 1857లో కడగొట్టు బిడ్డ బియాట్రిస్ పుట్టేనాటికి ఐదుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు. పసిబిడ్డల మరణాలు మామూలైన ఆ కాలంలో తొమ్మిది మందీ పెరిగి పెద్దవారు కావడం విశేషమే. 1853లో ఎనిమిదో కాన్పుకు రాణి క్లోరోఫాం తీసుకుంది. రాణీగారే తీసుకున్నారనేసరికి కాన్పులో మత్తుమందు వాడకం పట్ల జనానికి ఉన్న జంకు చాలావరకు తగ్గింది.

తండ్రిగారి ప్రణాళిక

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న మాట ఆల్బర్ట్‌కు తెలియకపోయినా ఆయన నమ్మకం అదే. తన సలహాదారు స్టాక్‌మార్‌తో కలిసి పిల్లల చదువుకు పెద్ద ప్రణాళికే తయారు చేశాడు. విక్కీకి అది సరిగ్గా సరిపోయింది. ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి భాషలు మూడూ ఆమె చిన్నప్పుడే పట్టేసింది. ఏడాదిపాటు సింహాసనానికి వారసురాలు కూడా ఆమే. 1841లో తమ్ముడు పుట్టగానే ఆ హక్కు అతనికి పోయింది. అక్క ఉన్నా తమ్ముడికే రాజ్యం దక్కే ఆ పద్ధతిని బ్రిటన్ 2013లో చేసిన చట్టంతో గాని మార్చలేదు.

ఆ తమ్ముడే ఎడ్వర్డ్. ఇంట్లో బెర్టీ అని పిలిచేవారు. 1849 నుంచి అతనికి ప్రత్యేకంగా ఉపాధ్యాయుణ్ణి పెట్టారు. వారానికి 6 రోజులు, రోజుకు ఆరేడు గంటలు పాఠాలు. ఈడు పిల్లలతో ఆటలు దాదాపు లేవు. పిల్లవాడికి కోపం వస్తే చేతికందినది విసిరికొట్టేవాడు. తల ఆకారాన్ని బట్టి బుద్ధి చెప్పగలమనేవారిలో ఒకరిని పిలిపించి అతని తలను కూడా చూపించారు. 1852లో మొదటి గురువు వెళ్ళిపోగా ఆయన స్థానంలో గిబ్స్ అనే మరింత కఠినమైన గురువు వచ్చాడు. పిల్లవాడికి ప్రణాళిక సరిపోవడం లేదేమోనన్న అనుమానం తండ్రికి రాలేదు.

తోటపనికి రొక్కం

అయితే ఆ తండ్రి మనసు రాయి కాదు. 1845లో వైట్ దీవిలో కొన్న ఆస్బోర్న్ ఎస్టేటులో పిల్లలతో కలిసి ఆడేవాడు. అక్కడ ఒక్కొక్కరికీ కొంత నేల ఇచ్చి, వారి పేరులోని అక్షరాలు రాసిన చిన్న పనిముట్లు, తోపుడుబండ్లు చేయించాడు. పండిన కూరగాయలను బజారు ధర కట్టి తానే కొనేవాడు. అక్కడే 'స్విస్ కాటేజి' అనే చెక్క ఇల్లు 1854లో సిద్ధమైంది. అందులో పిల్లల ఎత్తుకు తగిన పొయ్యితో వంటిల్లు ఉండేది. రాకుమార్తెలు అక్కడ వంట నేర్చుకుని అమ్మానాన్నలను తేనీటికి పిలిచేవారు. చెమటోడిస్తేనే డబ్బు వస్తుందని రాజు బిడ్డలకు తెలిసింది ఆ తోటలోనే.

పెద్దయ్యాక ఒక్కొక్కరి దారి

1858లో విక్కీని ప్రష్యా రాకుమారుడికిచ్చి పెళ్ళి చేశారు. అప్పటికి ఆమెకు 17 ఏళ్ళు. తల్లీకూతుళ్ళ మధ్య వేలాది ఉత్తరాలు నడిచాయి. బెర్లిన్‌లో ఆమెను పరాయిదానిగానే చూశారు. 1888లో భర్త చక్రవర్తి అయినా గొంతు క్యాన్సర్‌తో 99 రోజులకే కన్నుమూశాడు. కొడుకు రెండవ విల్హెల్మ్ తల్లి ఉన్న భవనం చుట్టూ సైనికులను నిలిపి కాగితాల కోసం వెతికించాడు.

రెండో కూతురు ఆలిస్ 1861లో తండ్రికి చివరి దశలో సేవ చేసింది. ఆల్బర్ట్ ఆ డిసెంబరు 14న పోయాడు. 1878లో కంఠసర్పి వ్యాధి ఆలిస్ ఇంటిని చుట్టుముట్టి, ముందు చిన్న కూతురిని, తర్వాత సరిగ్గా డిసెంబరు 14నే ఆమెను బలిగొన్నది. మిగిలిన కూతుళ్ళలో అప్పటికి ఆరేళ్ళ పిల్ల తర్వాత రష్యా మహారాణి అయి 1918లో కుటుంబంతో సహా హతమైంది.

లియోపోల్డ్‌కు దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు. తల్లి అడుగు తీసి అడుగు వేయనివ్వకపోయినా పట్టుబట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. 1884లో జారిపడి 30 ఏళ్ళకే పోయాడు. లూయీస్ శిల్పి అయింది. తండ్రి పోయేనాటికి నాలుగేళ్ళ పిల్లయిన బియాట్రిస్ తల్లికి తోడుగా మిగిలింది. పెళ్ళయ్యాక కూడా తల్లి దగ్గరే ఉండాలన్న షరతు మీదనే 1885లో ఆమె పెళ్ళికి రాణి ఒప్పుకుంది. ఆర్థర్ సైన్యంలో చేరాడు. 1921 జనవరిలో మద్రాసు శాసనమండలిని ప్రారంభించింది ఆయనే. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే.

మొద్దు అనిపించుకున్నవాడు

తండ్రి మరణానికి బెర్టీ ఆగడాలే కారణమని తల్లి చాలాకాలం నమ్మింది. రాచకార్యాల దరిదాపులకు అతణ్ణి రానివ్వలేదు. 1875-76లో మన దేశానికి వచ్చినప్పుడు మాత్రం, రంగు వేరని, మతం వేరని ఇక్కడి ప్రజలను తెల్ల అధికారులు హీనంగా చూడటాన్ని తప్పుపడుతూ ఉత్తరం రాశాడు. 1901లో 59వ ఏట గద్దెనెక్కాడు. పుస్తకం పట్టని ఆ మనిషికి మనుషులతో మెలగడం తెలుసు. 1903లో పారిస్ వెళ్ళి, ఎదురుతిరిగి ఉన్న జనాన్ని మంచి చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య ఒప్పందం కుదిరింది. చదువులో మేటి అయిన అక్కకు పాలించే అవకాశమే రాలేదు. 1914లో అక్క కొడుకు విల్హెల్మ్, తమ్ముడి కొడుకు జార్జి యుద్ధంలో ఎదురెదురు పక్షాలయ్యారు.

రాణి 1901 జనవరి 22న ఆస్బోర్న్‌లోనే కన్నుమూసింది. ఆ ఇంటిని బెర్టీ అట్టేపెట్టుకోలేదు. 1902లో జాతికి ఇచ్చేశాడు. తొమ్మిది మంది పిల్లల పేర్ల అక్షరాలున్న తోపుడుబండ్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. గిబ్స్ గారి పాఠాలను అతడెన్నడూ ప్రేమగా తలచుకోలేదు.