గంజిలో ఉప్పు ఎందుకు?

తెనాలి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. "మా బాబుకు రెండేళ్లు. మొన్న నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరుగారు ఓఆర్ఎస్ రాసిచ్చి, తిండి మాత్రం మానొద్దన్నారు. మా అత్తగారు వార్చిన గంజిలో ఉప్పేసి పట్టమన్నారు. మా నాన్నగారు లంఖణం పరమౌషధం, ఒకరోజు ఏమీ పెట్టొద్దన్నారు. ఎవరి మాట వినాలి? అసలు గంజిలో ఉప్పు ఎందుకు?"

ఆ చివరి ప్రశ్న చదివాక మిగతా పనులన్నీ పక్కన పెట్టాను. జవాబు ముందే చెప్పేస్తాను. డాక్టరుగారూ అత్తగారూ చెప్పింది ఒకటే మాట, ఇద్దరిదీ నిజం. నాన్నగారి మాట మాత్రం పసిపిల్లల విరేచనాల విషయంలో పనికిరాదు. ఎందుకో తెలియాలంటే చిన్నపేగు గోడలో ఉన్న ఒక గేటు గురించి చెప్పుకోవాలి. మన శరీరంలో అంతకంటే అందమైన యంత్రం నాకు తెలిసి మరొకటి లేదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు ఇంకో ప్రాముఖ్యం కూడా ఉంది. 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ఆదేశం ఇచ్చింది. డబ్బాల్లో, సీసాల్లో అమ్మే తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట ఏ రూపంలోనూ ఉండకూడదని దాని సారాంశం. దీనికోసం హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. తీపి నీళ్లకూ, గ్లూకోజ్, ఉప్పు సరైన పాళ్లలో కలిపిన ఓఆర్ఎస్‌కూ తేడా ఏమిటన్నది కూడా ఆ గేటు దగ్గరే తేలుతుంది.

ముందు లెక్క చూద్దాం. పెద్దవాళ్ల పేగులోకి రోజుకు 8, 9 లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో మనం తాగినదీ తిన్నదాంట్లో ఉన్నదీ 2 లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు తనే ఊరించుకున్న రసాలు. ఇంత నీటిలో మలంతో బయటికి పోయేది 200 మిల్లీలీటర్లకు మించదు. తక్కినదంతా తిరిగి రక్తంలోకి పోతుంది. విరేచనాలంటే ఈ జమాఖర్చు తారుమారు కావడమే.

నీటిని లోపలికి తోడే పంపు శరీరంలో ఎక్కడా లేదు. ఉప్పు ఎటు పోతే నీరు అటే పోతుంది. మాగాయ పెట్టే ఇల్లాలికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడోరోజుకు ఊట తేలుతుంది. ఆ నీళ్లు ఎవరూ పోసినవి కావు, ముక్కల్లోంచి ఉప్పు లాగినవి. కాబట్టి పేగులోని నీటిని ఒంట్లోకి తేవాలంటే ముందు ఉప్పును, అంటే అందులోని సోడియాన్ని, పేగు గోడ దాటించాలి.

ఇక గేటు దగ్గరికి వద్దాం. చిన్నపేగు లోపలి గోడ మీద చూషకాలనే సన్నటి వేళ్లు తివాచీ నూలులా నిలబడి ఉంటాయి. వాటిని కప్పిన ప్రతి కణం వెనకవైపున, అంటే రక్తంవైపున, ఒక పంపు తీరిక లేకుండా సోడియాన్ని బయటికి తోసేస్తుంటుంది. అందువల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువ, పేగు వైపున ఎక్కువ. మెరక నుంచి పల్లానికి నీరు దిగినట్టు, పేగులోని సోడియం కణంలోకి దిగడానికి సిద్ధంగా ఉంటుంది. కానీ మధ్యలో గోడ ఉంది. ఆ గోడలో ఉన్న గేటుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎస్‌జీఎల్‌టీ-1.

దాని నియమం చాలా కఠినం. ఒక గ్లూకోజ్ అణువు, రెండు సోడియం అయాన్లు కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. జోడెడ్ల బండి అనుకోండి. రెండు సోడియంలు ఎడ్లు, గ్లూకోజ్ బండిమీది బస్తా. ముందు ఎడ్లు కాడికి వస్తాయి. అవి వచ్చి నిలబడ్డాకే బస్తా సరిగ్గా కూర్చునే చోటు ఏర్పడుతుంది. బస్తా కూర్చోగానే పేగువైపు తలుపు మూసుకుని, కణంవైపు తలుపు తెరుచుకుంటుంది. ఎడ్లు పల్లానికి దిగుతూ బస్తాను లోపలికి లాక్కుపోతాయి. బండి ఖాళీ చేసి గేటు మళ్లీ పేగువైపు తిరుగుతుంది. ఉత్త ఉప్పునీళ్లు ఇస్తే బస్తా లేదు, బండి కదలదు. ఉత్త చక్కెర నీళ్లు ఇస్తే ఎడ్లు చాలవు. రెండూ కలిస్తేనే సోడియం లోపలికి పోతుంది, దాని వెనకే నీరు పోతుంది.

ఈ గేటును మొదట ఊహించినవాడు రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త. 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన సదస్సులో ఆయన ఈ ప్రతిపాదన చేశాడు. ఒక పదార్థం పల్లానికి దిగే ఊపుతో ఇంకో పదార్థాన్ని మోసుకుపోగలదన్న ఆలోచన జీవశాస్త్రంలో అదే మొదలు. గేటు ఉందని ఊహించిన 27 ఏళ్లకు, 1987లో, ఎర్నెస్ట్ రైట్ బృందం దాని జన్యువును పట్టుకుంది.

ఈలోగా ఎంతమంది ఎన్నిరకాలుగా పొరబడ్డారో చూడండి. కలరా వస్తే పేగు లోపలి పొర ఊడి కొట్టుకుపోతుందని 19వ శతాబ్దపు జర్మన్ పండితులు తేల్చారు. దాదాపు వందేళ్లు అందరూ అదే నమ్మారు. పొర లేని పేగు ఏం పీల్చుకుంటుంది, నోటిద్వారా ఏమిచ్చినా వృథా అన్నారు. నిజానికి వాళ్లు చూసింది శవాల పేగులు. ప్రాణం పోయాక పొర ఊడింది, రోగం వల్ల కాదు. బాంకాక్‌లో కలరా రోగుల పేగు నుంచి చిన్న ముక్కలు తీసి యూజీన్ గాంగరోసా 1960లో చూపించేదాకా ఆ తప్పు సరికాలేదు. పొర చెక్కుచెదరలేదు! అంతకుముందే, 1959లో, కలకత్తాలో శంభునాథ్ దే కలరా క్రిములు వదిలే విషమే పేగుచేత నీళ్లు కక్కిస్తుందని నిరూపించారు. ఆ విషం కణంలో వేరే తలుపులు బార్లా తెరిచి నీటిని బయటికి పోయిస్తుంది. మన జోడెడ్ల గేటును మాత్రం అది ముట్టుకోదు. ఇల్లంతా వరద పారుతున్నా ఆ ఒక్క గేటు తన పని తాను చేస్తూనే ఉంటుంది. నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది ఇదే.

అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ ఫిలిప్స్ ఈ రహస్యానికి అంగుళం దూరందాకా వచ్చాడు. 1960ల మొదట్లో మనీలాలో గ్లూకోజ్ కలిపిన ఉప్పునీళ్లు తాగించి, అవి ఒంటికి పడుతున్నాయని చూశాడు. కానీ కలరా సోడియం పంపునే పాడుచేస్తుందన్న సిద్ధాంతాన్ని గట్టిగా పట్టుకున్నాడు. దానికి తగ్గట్టు చిక్కటి ద్రావణంతో చేసిన ప్రయోగంలో ఐదుగురు రోగులు చనిపోయారు. ఆ దెబ్బతో నోటిద్వారా చికిత్స అంటేనే ఆయన వెనకాడాడు. ఇటు కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే 186 మంది కలరా రోగులకు గ్లూకోజ్, ఉప్పు కలిపిన నీళ్లు తాగించి నయం చేశానని లాన్సెట్ పత్రికలో రాశారు. కొలతలు, లెక్కలు చాలవని ప్రపంచం పక్కన పెట్టింది.

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ సరైన పాళ్లలో కలిపి, పోయిన నీటికి సమానంగా తాగించి చూశారు. సెలైన్ అవసరం 80 శాతం తగ్గింది. ఆ తర్వాత మూడేళ్లకు అసలు పరీక్ష వచ్చింది. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్లోని బనగాఁవ్ ఆసుపత్రి గదుల్లో రోగులు నేలమీదే పడి ఉన్నారు. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. అక్కడున్న వైద్యుడు దిలీప్ మహలనబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో నీళ్లలో కలిపించి, కప్పులతో తాగించమని బంధువులకే ఇచ్చారు. శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. నర్సులు కాదు, తల్లులూ అక్కచెల్లెళ్లూ తాగించి బతికించారు. సోడియం, గ్లూకోజ్ జతగా ప్రయాణిస్తాయని కనుక్కోవడం ఆ శతాబ్దంలోకెల్లా ముఖ్యమైన వైద్య ప్రగతి కావచ్చని 1978లో లాన్సెట్ రాసింది. మహలనబిస్‌కు పద్మవిభూషణ్ 2023లో వచ్చింది, అప్పటికి ఆయన లేరు.

ఇప్పుడు అత్తగారి గంజి దగ్గరికి వద్దాం. గంజిలో చక్కెర లేదు కదా, బస్తా ఎక్కడిది? పిండిపదార్థమంటే గ్లూకోజ్‌ల దండ. వెయ్యి మల్లెలు విడిగా పోస్తే వెయ్యి, దండ గుచ్చితే ఒకటే. నీటిని లాగే శక్తి అణువుల బరువును బట్టి ఉండదు, ఎన్ని అణువులున్నాయన్న లెక్కను బట్టి ఉంటుంది. అందుకే చక్కెర నీళ్లు చిక్కగా ఇస్తే, గేటు పట్టుకోలేక మిగిలిన చక్కెర పేగులో ఉండిపోయి ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. గంజిలో ఆ భయం లేదు. దండ చాలావరకు దండగానే చిన్నపేగుదాకా వెళ్తుంది. క్లోమరసం దాన్ని ముక్కలు చేస్తుంది. గోడమీదే, మన గేటు పక్కనే, ఉన్న ఎంజైములు ఒక్కో పువ్వునూ తుంచుతాయి. తుంచింది తుంచినట్టు గేటు లోపలికి పోతుంది. అత్తగారు వేసిన ఉప్పు ఎడ్లను సమకూరుస్తుంది. 1982లో మహలనబిస్ సహచరులతో కలిసి బియ్యప్పిండితో చేసిన ద్రావణాన్ని పసిపిల్లలకే ఇచ్చి పరీక్షించారు. కలరాలో అది విరేచనాల పరిమాణాన్ని బాగా తగ్గిస్తుందని తర్వాతి ప్రయోగాలూ చెప్పాయి. పప్పులోని మాంసకృత్తులు విడిపోతే వచ్చే ఎమైనో ఆమ్లాలకు కూడా సోడియంతో జతగా నడిచే గేట్లు వేరే ఉన్నాయి. మెత్తటి పెసరపప్పు అన్నం ఆ గేట్లను కూడా నడిపిస్తుంది.

గేటు పట్టగలిగినంతే ఇవ్వాలన్న ఈ సూత్రంతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఓఆర్ఎస్‌ను పలచన చేసింది. లీటరుకు 20 గ్రాములున్న గ్లూకోజ్‌ను 13.5 గ్రాములకు దించింది. కూల్‌డ్రింకుల్లో లీటరుకు 100 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది, సోడియం నామమాత్రం. ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తీపి నీళ్లు బిడ్డకు ఎందుకు చేటో ఇంతకంటే చెప్పాలా?

లంఖణం సంగతి. పేగు పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజులకొకసారి కొత్తవి పుట్టి పాతవి రాలిపోతాయి. ఆ కొత్త కణాలు తమ మేతలో పెద్ద భాగం పేగులో పారే ఆహారం నుంచే తీసుకుంటాయి. కడుపు కడితే చూషకాలు కుంచించుకుపోతాయి, గేట్లు తగ్గుతాయి. పేగుకు విశ్రాంతి ఇవ్వాలన్న పేరుతో ఆసుపత్రుల్లో కూడా దశాబ్దాలపాటు పిల్లలను పస్తుంచారు. దానివల్ల పిల్లలు చిక్కిపోయారే తప్ప పేగు బాగుపడలేదు.

పెట్టాల్సినవి మన వంటింట్లోనే ఉన్నాయి. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు పులగం, ఇడ్లీ, జావ, పెరుగన్నం. పెరుగు ప్రత్యేకం. జబ్బుపడ్డ పేగులో పాలచక్కెరను విడగొట్టే ఎంజైము తగ్గుతుంది. పెరుగులోని సూక్ష్మజీవులు ఆ పని కొంతవరకు ముందే చేసిపెడతాయి. ఉడికించిన అరటికాయలో చిన్నపేగులో అరగని పిండి ఉంటుంది. అది పెద్దపేగులో పులిసి, అక్కడ కూడా సోడియాన్నీ నీటినీ లోపలికి లాగిస్తుంది. ఇలాంటి అరగని పిండిని ఓఆర్ఎస్‌లో కలిపితే కలరా రోగులు త్వరగా తేరుకుంటారని వేలూరు వైద్యులు 2000లో చూపించారు.

తెనాలి తల్లి కోసం కొలతలు. లీటరు పలుచని గంజికి మట్టంగా తీసిన అర టీస్పూను ఉప్పు చాలు. ముందు మీరు రుచి చూడండి, కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదు. వాంతైతే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టండి. ఆరు నెలల్లోపు బిడ్డకు గంజి వద్దు, తల్లిపాలూ డాక్టరు చెప్పిన ఓఆర్ఎస్సే. ఏ వయసులోనైనా తల్లిపాలు ఆపొద్దు. డాక్టరు జింక్ మందు రాస్తే, విరేచనాలు తగ్గినా సరే, 14 రోజులూ వేయండి. బిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోయిందంటే గంజిని నమ్ముకోకుండా ఓఆర్ఎస్ ఇవ్వాలి. కళ్లు గుంటలు పడినా, ఆరుగంటలుగా మూత్రం లేకపోయినా, మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాకున్న బాధ ఒక్కటే. కుక్కర్లు వచ్చాక మన ఇళ్లలో గంజి వార్చడం పోయింది. ఓఆర్ఎస్ కంటే సెలైన్ ఎక్కిస్తేనే వైద్యమన్న భ్రమ మాత్రం పోలేదు. లోకంలో ఏటా 4 లక్షలమందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు ఇప్పటికీ విరేచనాలతో చనిపోతున్నారు. వీళ్లలో చాలామందికి కావలసింది ఒక పొట్లం, ఒక లీటరు శుభ్రమైన నీళ్లు, ఒక చెంచా. ఇంట్లో పసిబిడ్డ ఉంటే రెండు ఓఆర్ఎస్ పొట్లాలు ఎప్పుడూ ఉంచుకోండి. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైందని రాసి ఉందో లేదో చదివి తీసుకోండి.